సాంచెల సప్పుడులో ఒక గొంతు

ఆ వేసవిలో నేను తయారు చేసిన ప్రాజెక్టును ఇప్పటికీ ఎవరైనా మెచ్చుకుంటే నాకు తల ఎత్తబుద్ధి కాదు. ఉపాధ్యాయుల సమావేశాల్లో రెండుసార్లు దాని గురించి మాట్లాడమన్నారు, మాట్లాడాను. ఎలా ప్లాన్ చేశానో చెప్పాను, పిల్లలు ఎన్ని మాటలు పోగుచేశారో చెప్పాను. ఒక అమ్మాయి సంగతి మాత్రం చెప్పలేదు. చెబుదామని ఒకసారి నోటిదాకా వచ్చింది కానీ, అంతలో భోజనాలకు లేచారు.

నేను వరంగల్‌లో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ఆ ఏడాది ఏప్రిల్‌లో, పరీక్షలు అయిపోయి సెలవులు ఇవ్వబోయే ముందు, మా హెడ్మాస్టరు గారు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, పదో తరగతిలోకి వెళ్ళే పిల్లల కోసం ఒక్కో సబ్జెక్టు వాళ్ళు ఒక్కో ఆన్‌లైన్ ప్రాజెక్టు చేయాలన్నారు.

"పిల్లలు వాళ్ళంతట వాళ్ళే చేసుకునేటట్టు ఉండాలె. మీరు వాళ్ళ ఎనక పడొద్దు, వాళ్ళు మీ ఎనక పడొద్దు. సెలవుల్ల ఎవరికీ తిప్పలు ఉండొద్దు" అన్నారు.

మిగిలినవాళ్ళు గొణిగారు గానీ నాకు సంతోషమే అయింది. చాలా ఏళ్ళుగా నా మనసులో ఒక దిగులు ఉండేది. మా పిల్లల్లో సగం మంది చేతిపనుల ఇళ్ళ నుంచి వస్తారు. మగ్గాలు, సాంచెలు, మిర్చి యార్డు, వ్యవసాయం. ఇంట్లో పెద్దవాళ్ళు రోజంతా వాడే మాటలు ఆ పిల్లల నోట్లో ఉండవు. "మీ అమ్మ ఏం పని చేస్తది?" అని అడిగితే "వర్క్‌కు పోతది మేడం" అంటారు. ఏం వర్కు అంటే నవ్వి ఊరుకుంటారు. అందుకని ప్రాజెక్టుకు 'మా ఇంటి పని మాటలు' అని పేరు పెట్టాను. ఇంట్లో పనిచేసే ఒకరి దగ్గర కూర్చోవాలి. వాళ్ళ పనిముట్లను, పనిలో చేసే ఒక్కో చేష్టను ఏమంటారో అడగాలి. వాళ్ళు చెబుతుంటే ఫోన్‌లో రికార్డు చేయాలి. తర్వాత విని ఆ మాటలన్నీ రాసుకుని, ఒక్కోదానికి అర్థం రాయాలి. రికార్డూ రాతా రెండూ నేనిచ్చే లింకులో పెట్టాలి.

చెప్పడానికి ఇంతే, కానీ ప్లాన్ చేయడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. ఎదురుగా టీచరు ఉండదు కాబట్టి పిల్లలకు రాగల ప్రతి సందేహానికీ ముందే జవాబు రాసిపెట్టాలి. ఎవరిని అడగాలి, ఎలా మొదలుపెట్టాలి, వాళ్ళు సిగ్గుపడితే ఏం చేయాలి, ఫోన్ ఎంత దూరంలో పట్టుకోవాలి. ఒక్కో సూచన రాసి, తొమ్మిదో తరగతి పిల్లలా చదివి, కొట్టేసి మళ్ళీ రాసేదాన్ని. మధ్యాహ్నాలు కూలర్ ముందు కూర్చుని ఇదే పని. మా ఆయన ఒకరోజు పక్కకు వచ్చి చూసి, "నువ్వు లేకుంట నడిచే క్లాసు తయారు చేస్తాన్నవు. రిటైర్మెంటుకు రిహార్సలా?" అని నవ్వారు. నేనూ నవ్వాను. నిజానికి నా గర్వమంతా అక్కడే ఉంది. నన్ను ఎవరూ ఏమీ అడగాల్సిన పని లేకుండా చేయగలిగానని.

ఫారం తయారు చేయడం మా బళ్ళో కంప్యూటర్లు చెప్పే చిన్నావిడ నేర్పింది. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది, ఓపిక ఎక్కువ. ముప్పై ఎనిమిది మందికి విడివిడిగా జవాబులు ఎలా రాయాలా అని నేను తటపటాయిస్తుంటే, "ఎందుకు మేడం, నాలుగు రకాల జవాబులు ముందే రాసిపెట్టుకోండ్రి. ఏది సరిపోతే అది నొక్కుడే. జర సేపట్ల అయిపోతది" అంది. రాసిపెట్టాను. 'చాలా బాగుంది, అభినందనలు' అని ఒకటి. 'మాటలు తక్కువగా ఉన్నాయి, మరికొన్ని చేర్చండి' అని ఇంకొకటి. అర్థాలు రాయనివాళ్ళకు మూడోది. నాలుగోది: 'రికార్డులో శబ్దం ఎక్కువగా ఉంది. ప్రశాంతమైన చోట మళ్ళీ రికార్డు చేసి పంపండి.'

మే నెల మొదటి వారం నుంచి రికార్డులు రావడం మొదలైంది. పొద్దున్నే టీ తాగుతూ వినేదాన్ని. ఒక పిల్ల వాళ్ళ నానమ్మ కేసముద్రంలో వడ్లు తూర్పారబట్టిన రోజుల గురించి చెబుతూ చెబుతూ పాటెత్తుకుంది. ఇంకొక పిల్ల తల్లి ఎనుమాముల యార్డులో మిర్చి తొడిమెలు తీస్తుందట. ఎర్రకాయను, తాలుకాయను కళ్ళు మూసుకుని వాసనతో చెప్పగలనని పందెం కట్టింది. విని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మూడు రకాల జవాబులూ నొక్కాను. నాలుగోది అప్పటిదాకా అవసరం రాలేదు.

ఆ అమ్మాయి గురించి ఇప్పుడు చెప్పాలి. రెండో బెంచీలో గోడ పక్కన కూర్చునేది. తనంతట తాను చెయ్యెత్తగా నేను చూడలేదు. అడిగితే మాత్రం జవాబు వచ్చేది, గొంతు వణికేది. గుండ్రటి రాత, కొట్టివేతలు ఉండవు. తండ్రి సాంచెలు నడుపుతాడని తెలుసు. మరమగ్గాన్ని మా వైపు సాంచె అంటారు. ఆయన పెళ్ళికి ముందు కొన్నేళ్ళు బొంబాయి దగ్గర భివండీలో ఇదే పని చేసి వచ్చి, ఇక్కడ ఒక షావుకారు షెడ్డులో కుదురుకున్నాడు. తల్లి అదే షెడ్డులో నూలు కండెలు చుడుతుంది.

ఆమె పంపిన రికార్డు నాలుగు నిమిషాల పైచిలుకు ఉంది. మొదలుపెట్టగానే చెవులు గింగుర్లెత్తాయి. టకటకా టకటకా, ఒకటి కాదు, పది పన్నెండు సాంచెలు ఒక్కసారి ఆడుతున్న మోత. మొదట్లో అమ్మాయి గొంతు "బాపూ, ఇదేంది?" అనడం లీలగా వినిపించింది. ఆ తర్వాత మోతే. ఇరవై సెకన్లు విన్నాను. ఇంకో రెండుచోట్ల వేలు పెట్టి జరిపి చూశాను, అదే మోత. రాతలో కూడా ఏడెనిమిది మాటలే ఉన్నాయి. నాలుగో జవాబు నొక్కి, తర్వాతి పిల్ల రికార్డుకు వెళ్ళిపోయాను.

మర్నాడు ఆ అమ్మాయి నుంచి మెసేజ్ వచ్చింది. "మేడం, మా బాపు ఎప్పుడూ సాంచెల కాడనే ఉంటడు. ఇంటికి వచ్చేసరికి తిని పడుకుంటడు. నేను పంపిందే తీసుకుంటరా?"

ప్రాజెక్టు అంతటిలో నన్ను నేరుగా అడిగిన ప్రశ్న అదొక్కటే. నేను ఇలా రాశాను: "ఇంకా చాలా టైముంది బిడ్డా. సెలవు రోజు చూసి ప్రయత్నించు." ఆమె సరేనన్నట్టు బొటనవేలు గుర్తు పెట్టింది. ఆ రికార్డును పూర్తిగా విందామన్న ఆలోచన నాకు రాలేదు. వచ్చి ఉంటే ఏం మారేదో తెలియదు, కానీ రాలేదు.

నెల తిరిగింది. ఎవరి పని పూర్తయిందో చూపే నా పట్టికలో అందరి పేర్ల పక్కనా పచ్చరంగు వచ్చింది, ఒక్క ఆ అమ్మాయి వరుస ఎర్రగానే ఉండిపోయింది. ఎర్రగా ఉన్నవాళ్ళకు వారానికోసారి దానంతటదే గుర్తుచేసే ఏర్పాటు ఉంది. అది రెండుసార్లు వెళ్ళింది. రెండోసారి వెళ్ళిన నాటికి ఆమె తండ్రి పెద్ద దవాఖానలో ఆక్సిజన్ పెట్టుకుని ఉన్నాడు. అది నాకు తర్వాత తెలిసింది.

జూన్‌లో బడి తెరిచాక ఆ అమ్మాయి రాలేదు. మూడో రోజు క్లాసులో అడిగాను. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆమె పక్కన కూర్చునే పిల్ల లేచి, "వాళ్ళ బాపు చనిపోయిండు మేడం. జ్వరం వచ్చి నిమోనియా అయిందట. దినాలు ఇంక అయిపోలేదు" అంది.

ఆ రోజు ఏం పాఠం చెప్పానో గుర్తులేదు.

ఇంకో వారానికి వచ్చింది. చిక్కిపోయింది, జడ వదులుగా వేసుకుంది. ఇంటర్వెల్‌లో స్టాఫ్ రూం గుమ్మం దగ్గర నిలబడితే నేనే బయటికి వెళ్ళాను. ఏదో ఓదార్పు మాట కోసం వెతుక్కుంటున్నాను. ఆమె నాకు ఆ అవకాశం ఇవ్వలేదు.

"మేడం, నేను పంపిన రికార్డు మీ దగ్గర ఉన్నదా?"

"నీ ఫోన్‌ల లేదా బిడ్డా?"

"లేదు మేడం. మా బాపు ఫోనే అది. జాగ నిండిపోయిందని చూపెడుతుండె. మీరు మంచిగ లేదన్నరు కద... మళ్ళ చేద్దామని తీసేసిన."

నిందగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. "మళ్ళ చేసినవా మరి?" అని అడిగాను, అడగకూడదని తెలిసి కూడా.

"ఆదివారం చేద్దాం అన్నడు. వారంల కరెంటు పోయి ఆగిన పని ఆ ఆదివారం నడిపిచ్చిండ్రు. ఇంకో ఆదివారానికి జ్వరం వచ్చింది."

లోపలికి తీసుకెళ్ళి కంప్యూటరు తెరిచాను. సెలవులు అయ్యాక అక్కర్లేని ఫైళ్ళన్నీ తీసెయ్యాలని అనుకుంటూనే ఉన్నాను, బద్ధకించి తీయలేదు. నా జీవితంలో బద్ధకానికి దండం పెట్టుకున్నది ఆ ఒక్కసారే. ఫైలు ఉంది. ఇద్దరం చెరొక ఇయర్‌ఫోన్ ముక్క చెవిలో పెట్టుకుని విన్నాం. ఈసారి మొత్తం నాలుగు నిమిషాలూ విన్నాను. మోత కింద ఎక్కడో ఒక మగగొంతు ఉంది. ఉందని తెలుస్తోంది, ఏమంటోందో తెలియడం లేదు. మధ్యలో దగ్గు వినబడింది. ఆ దగ్గు దగ్గర అమ్మాయి కళ్ళు మూసుకుంది.

"నువ్వు పక్కనే ఉన్నవు గదా, ఏం చెప్పిండో యాదికి లేదా?" అన్నాను.

"అప్పుడు గూడ నాకు సగమే ఇనవడ్డది మేడం. ఫోన్‌ల ఇంటే తెలుస్తది అనుకున్న."

కంప్యూటరు మేడంకు చూపించాను. ఆమె రెండు రోజులు కష్టపడి, శబ్దాన్ని తగ్గించే ఏదో పద్ధతిలో మోతను చాలావరకు తీసేసింది. కానీ మోతతో పాటు గొంతు కూడా అరిగిపోయింది. నీళ్ళ అడుగు నుంచి ఎవరో మాట్లాడుతున్నట్టుంది. అమ్మాయి ఓపికగా చివరిదాకా విని, ఇయర్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, "ఇది మా బాపు గొంతు కాదు మేడం" అంది. మోత ఉన్న పాతదాన్నే తన ఫోన్‌లోకి పంపమంది. పంపాను.

ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. పరామర్శకు వెళ్తున్నానని ఇంట్లో చెప్పాను, నాకూ అలాగే చెప్పుకున్నాను. రేకుల ఇల్లు, రెండు గదులు. గోడకు ఆయన ఫోటో, కొత్త దండ. తల్లి నాకంటే పన్నెండు పదమూడేళ్ళు చిన్నదై ఉంటుంది. కుర్చీ వేసి తాను కింద కూర్చుంది. నేనూ కిందే కూర్చున్నాను. కాసేపు జ్వరం గురించి, దవాఖాన గురించి చెప్పింది. పెద్దగా ఏడవలేదు, మధ్యమధ్య కొంగుతో ముక్కు తుడుచుకుంది. నేను చెప్పాల్సింది చెప్పలేక చెప్పలేక చెప్పాను. మీవారి గొంతు ఉన్న రికార్డును నేనే బాగాలేదని వెనక్కి పంపానని.

ఆమెకు అర్థం కాలేదు. "ఏం రికార్డు?" అని కూతురి వైపు చూసింది. ఆ రోజు షెడ్డులో తండ్రి మాట్లాడింది ఫోన్‌లో ఉందని అమ్మాయి తల్లికి చెప్పనేలేదట. వింటే ఏడుస్తదని దాచిందట.

"పెట్టు బిడ్డా" అంది తల్లి.

అమ్మాయి ఫోన్ నేల మీద పెట్టి నొక్కింది. ఆ చిన్న గదిలో సాంచెల మోత నిండిపోయింది. నేను తల దించుకున్నాను. పది సెకన్లు గడిచిందో లేదో, తల్లి, "నాడె. ఇది నాడె అంటాండు" అంది.

తల ఎత్తి చూశాను. ఆమె ఫోన్ వైపు వంగలేదు, చెవి దగ్గర పెట్టుకోలేదు. మాట్లాడే మనిషి ఎదురుగా ఉంటే వింటామే, అట్లా మామూలుగా కూర్చుని వింటోంది.

"నాడె అటు ఇటు ఉరుకుతది, దాని కడుపుల కండె ఉంటది అంటాండు. ఇగో ఇప్పుడు... పడుగు నిలువు పోగు, పేక అడ్డం పోగు అంటాండు. పోగు తెగితే సాంచె దానంతట అదే ఆగాలె, మా సాంచె ముసల్ది, ఆగది, కన్ను పెట్టి చూసుకోవాలె అంటాండు."

"నీకు ఇనవడుతాందా అమ్మా?" అంది అమ్మాయి. ఆమె గొంతు మారిపోయింది.

"నీకు ఇనవడతలేదా?" తల్లి ఆశ్చర్యంగా ఇద్దరినీ చూసింది. "మీకు గూడనా మేడం?"

లేదని తల ఊపాను.

"సాంచెల నడుమనే పద్నాలుగేండ్లు మాట్లాడుకున్నం మేడం. ఆ సప్పుడుల ఏమన్న ఇనవడతది మాకు. ఇంటికొస్తేనే ఇద్దరికి మాటలు ఉండకపోయేటియి."

అమ్మాయి చటుక్కున లేచి నోట్‌బుక్ తెచ్చుకుంది. మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. తల్లి ఒక్కో మాట చెబుతుంటే రాసుకుంటూ పోయింది. ఫోన్ ఆపడం, రాయడం, మళ్ళీ పెట్టడం. నేను చూస్తూ కూర్చున్నాను. నా పదిహేను రోజుల సూచనలతో ఎవరికీ పని పడలేదు. ఒకచోట తల్లికి నవ్వు వచ్చింది. "ఆ ఇనుప కొంకిని ఏమంటరు అని నువ్వు అడిగినవు. దానికి పేరు లేదు బిడ్డా, 'అది' అంటం, 'అది ఇయ్యి' అంటే మీ అమ్మ ఇస్తది అంటాండు." అమ్మాయి కూడా నవ్వి, 'అది' అని రాసి, ఎదురుగా అర్థం రాయడానికి ఆగి, ఏం రాయాలో తెలియక నా వైపు చూడబోయి, మళ్ళీ కాగితం వైపే చూసుకుంది.

దగ్గు వచ్చింది. దగ్గు తర్వాత రికార్డు ఇంకో అర నిమిషమే ఉంటుంది. తల్లి వింటూ వింటూ ఒక్కసారిగా చెయ్యెత్తింది, ఆపమన్నట్టు కాదు, మాట్లాడొద్దన్నట్టు. మోత ఆగిపోయింది.

"చివరికి ఏమన్నడమ్మా?" అని అడిగింది అమ్మాయి, పెన్ను పట్టుకుని.

తల్లి మొహం ఎర్రబడింది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

"అది నీకు కాదు బిడ్డా. అప్పుడు నేను నీ ఎనక నిలవడి ఉంటి. నాకు అన్నడు."

"ఏమన్నడు?"

"రాయకు."

అమ్మాయి పెన్ను మూత పెట్టేసింది. నేను లేచి వాకిట్లోకి వచ్చి చెప్పులు వేసుకున్నాను. తల్లి వెనకే వచ్చింది. "నాదే తప్పు చెల్లె. నేను అప్పుడే మంచిగ విని ఉంటే" అన్నాను. "మీకేం ఎరుక మేడం. మనసుల పెట్టుకోకుండ్రి" అంది. అమ్మాయి గుమ్మం దాకా రాలేదు. లోపల ఆ మోత మళ్ళీ మొదలైంది.

పట్టికలో ఆమె వరుసను పచ్చగా మార్చడానికి కూర్చున్నాను కానీ చెయ్యి రాలేదు. మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి, నోట్‌బుక్ ఇస్తే మిగతావాటితో కలుపుతానన్నాను. తల వంచుకుని, "అది ఇంట్లనే ఉంచుకుంట మేడం" అంది. సరేనన్నాను. ఆ తర్వాత ఏడాదంతా నా క్లాసులో కూర్చుంది, పదో తరగతి మంచి మార్కులతోనే పాసయింది, వెళ్ళేటప్పుడు అందరితో పాటు వచ్చి నా కాళ్ళకు దండం పెట్టింది. కానీ నన్ను ఇంకో ప్రశ్న అడగలేదు. ఆమెకు కోపం ఉందో లేదో నాకు ఎప్పుడూ తెలియలేదు. ఉంటే న్యాయమే అనిపిస్తుంది.

ఈ మధ్య తల్లి కనిపించింది. బస్టాపులో నిలబడి ఉంది, చేతులూ కొంగూ మిర్చి ఘాటు. షావుకారు సగం సాంచెలు ఇనుప సామాను వాళ్ళకు అమ్మేశాడట, ఆడవాళ్ళకు పని లేదన్నాడట. ఇప్పుడు ఎనుమాముల యార్డులో తొడిమెలు తీయడానికి పోతోంది. కూతురు ఇంటర్ చదువుతోందని చెప్పింది. కాలేజీ దూరం, బస్సు పాసు తీశామంది. ఇంకేం అడగాలో తెలియక, "ఆ రికార్డు వింటాన్నరా?" అన్నాను.

ఆమె మిర్చి అంటిన వేళ్ళు కళ్ళకు తగలకుండా మోచేత్తో మొహం తుడుచుకుంది.

"మొన్న పెట్టుకున్న మేడం. సాంచెల కాడికి పోక ఏడాది దాటింది కద. నాకు గూడ ఇప్పుడు సప్పుడే ఎక్కువ ఇనవడుతాంది. సగం మాటలు దాంట్లనే పోతానయి."

"బిడ్డ రాసుకున్నది ఉన్నది గదా" అన్నాను.

"ఉన్నది. దాంట్ల రాసినయైతే ఉన్నయి" అంది.

రాయవద్దన్న ఆ చివరి మాట సంగతి అడగాలనిపించింది. అదైనా ఇంకా వినబడుతోందా అని. అడగడానికి నేనెవర్ని? బస్సు వచ్చింది. "పోతాన్న మేడం" అని ఎక్కింది. జనంలో ఆమెకు సీటు దొరకలేదు, కడ్డీ పట్టుకుని నిలబడింది. బస్సు కదిలేదాకా అక్కడే ఉండి, నేను నడుచుకుంటూ ఇంటికి వచ్చాను.